లాక్ అండ్ కీ కామిక్స్‌లో మూడో భాగం వదిలేసి నేరుగా నాలుగోది చదవొచ్చా?

వద్దండీ, వదలకండి. మొదటి రెండూ ఆపకుండా చదివాను, మూడోది క్రౌన్ ఆఫ్ షాడోస్ సగానికొచ్చేసరికి కథ ఉన్నచోటే తిరుగుతున్నట్టుంది అన్నారు కదా, నాకూ అచ్చం అలాగే అనిపించి పక్కన పెట్టి నాలుగోది మొదలుపెట్టాను. కొంచెం చదివాక మళ్ళీ వెనక్కి రావాల్సొచ్చింది, ఎందుకంటే మాయ తాళంచెవులున్న ఆ ఇంట్లో ఉండే పిల్లలు టైలర్, కిన్సీ, బోడీల అమ్మ నీనా అంతగా ఎందుకు కుంగిపోయిందో నాకు తెలియనే తెలియదు.

ఇంకో సంగతి, మీరు ఫోన్‌లో చదువుతున్నారా? నేను ఒక్కో ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడి) నొక్కుకుంటూ ఫోన్‌లోనే చదివాను, అక్కడే దెబ్బతిన్నాను. నీడలు ఇంటిమీద పడే అధ్యాయంలో చాలా పేజీలు పేజీకి ఒకే బొమ్మ. టైలర్ ఇంటంత ఎత్తు పెరిగి నీడతో కలబడుతుంటే అది నా ఫోన్‌లో బొటనవేలంత కనిపించింది, రెండు నిమిషాల్లో అధ్యాయం అయిపోయింది, ఇంతేనా అనుకున్నాను. తర్వాత పెద్ద స్క్రీన్ మీద పేజీ మొత్తం పెట్టుకుని చూస్తే గాబ్రియెల్ రోడ్రిగెజ్ గీసిన ఆ చీకట్లో ఎన్ని చేతులు, ఎన్ని ముఖాలు ఉన్నాయో అప్పుడు తెలిసింది.

కథ కదలట్లేదనేది కూడా పూర్తిగా నిజం కాదు. రెండో భాగంలో కిన్సీ తన తలలోంచి భయాన్నీ ఏడుపునీ తీసేసుకుంది కదా, దాని ఫలితం ఇక్కడే మొదలవుతుంది, స్నేహితులతో గుహలో ఇరుక్కున్నప్పుడు చూస్తారు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది మాత్రం చివరి అధ్యాయం. తాగుడులో పడిన నీనాకి ఒక అలమార దొరుకుతుంది, పగిలినవి లోపల పెట్టి తలుపేసి తాళం తిప్పితే అతుక్కుపోయి వస్తాయి. ఆ ఆశతోనే చనిపోయిన భర్త చితాభస్మాన్ని కూడా తీసుకెళ్ళి అందులో పెడుతుంది. ఏమైందో చెప్పను, మీరే చదవండి. నేనైతే ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది. 2008 నుంచి 2013 దాకా వచ్చిన మొత్తం 6 భాగాల్లో జో హిల్ ఇంత బాగా రాసిన చోట్లు నాకు రెండు మూడే కనిపించాయి.

అది చదివిన రోజే నాలుగోది తెరవకండి, ఒక రోజు ఆగండి. దాని మొదటి అధ్యాయంలో చిన్నవాడు బోడీ పిచ్చుకైపోతాడు, బొమ్మల తీరే మారిపోతుంది, మనసు కాస్త తేలికపడ్డాకే అది చదవాలి.