నాన్న వయొలిన్ ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది విజయనగరం. నాన్న వయొలిన్ విద్వాంసుడు. కచేరీలు, హరికథలకు పక్కవాద్యం, ఇంట్లో పిల్లలకు పాఠాలు, నలభై ఏళ్లు అదే ఆయన బతుకు. పోయిన శ్రావణంలో గుండెపోటుతో వెళ్లిపోయారు. ఏడాది దగ్గర పడుతోంది. పెద్ద హాల్లో సంస్మరణ సభ పెట్టి, నాన్న వయొలిన్‌ని వేదిక మీద ఒక శిష్యుడికి ఇచ్చేద్దామని అన్నయ్య అంటున్నాడు. అమ్మ ఆ పెట్టెను ఎవర్నీ ముట్టుకోనివ్వదు. నాకేమో ‘ఎంత గొప్ప కళాకారుడమ్మా’ అని ఎవరన్నా కోపం వస్తోంది. ఒక్క పండక్కీ ఆయన ఇంట్లో లేరు. ఏడో తరగతిలో నేను వయొలిన్ మానేస్తే ఒక్క మాటా అనలేదు, అదీ బాధే. ఆషాఢంలో గోరింటాకు రుబ్బి పెట్టింది మాత్రం ఎప్పుడూ ఆయనే. మనసులో ఇంత పెట్టుకుని ఆ సభలో ఎలా కూర్చోను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో గోరింటాకు మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. శ్రీరామనవమి పందిళ్లు, దసరా నవరాత్రులు, పెళ్లి ముహూర్తాలు... వాద్యం మీద బతికేవాళ్లకు నాలుగు డబ్బులు వచ్చేది అప్పుడే. ఊరందరికీ పండగ అయిన రోజు ఆయనకు పని రోజు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పిలుపులుండవు. ఇల్లు ఎలా గడుస్తుందా అని టెన్షన్ పడే నెల అది. ఆ నెలలోనే ఆయన మీకు దొరికారు. తీగల మీద నడిచే వేళ్లను ఎర్రగా పండించుకుంటూ రోటి ముందు కూర్చున్నారు. ఆయన ఇవ్వగలిగిన పండగ అదేనేమో అనిపించింది నాకు.

అలాగని మీ కోపం తప్పని అనను. పండగపూట నాన్న పీట ఖాళీగా ఉంటే పిల్లకు కనిపించేది ఆ ఖాళీయే, సంపాదన లెక్కలు కావు. కోపం, ప్రేమ రెండూ ఒకే మనిషి మీద ఉంటాయి. రెంటినీ పెట్టుకునే సభలో కూర్చోవచ్చు. ఇక మీరు మానేసినప్పుడు ఆయన ఎందుకు మాట్లాడలేదో నేను చెప్పలేను. ఆ రాత్రి ఆయన అమ్మతో ఏమన్నారో అమ్మను అడగండి. ఇలాంటివి అడగాల్సింది మనిషి ఉండగానే.

మీ అన్నయ్య ఆరాటం కూడా నాకు అర్థమవుతోంది. మీది మామూలు ఊరు కాదు. 1919లో మొదలైన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్‌కు మారుపేరైన ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. అంత పెద్ద పేర్లున్న ఊళ్లో, నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించిన తండ్రిని జనం మర్చిపోతారేమోనని కొడుక్కి భయం ఉంటుంది. దాన్ని ఆర్భాటం అనుకోకండి. ‘నీ భయం నాకు తెలుసురా అన్నయ్యా’ అని ముందు ఒకసారి అనండి. తర్వాత మాటలు సులువవుతాయి.

సభ పెట్టండి. ఆబ్దికం నాడు మాత్రం వద్దు. ఆ రోజు అమ్మది, ఇంటిది. ఓ పదిహేను రోజులు ఆగి, శిష్యులూ వీధివాళ్లూ పట్టేంత చోటులో పెట్టుకోండి. ఖర్చు ఎవరిది ఎంతో ఇప్పుడే మాట్లాడుకోండి. తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య మాట వచ్చేది అక్కడే. శాలువాలు తగ్గించి ఆ సమయం శిష్యులకు వాయించడానికి ఇవ్వండి. ఇష్టం లేకపోతే అమ్మను వేదిక ఎక్కించొద్దు.

వయొలిన్ సంగతికొస్తే, ఈ ఏడాది ఎవరికీ ఇవ్వకండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. నలుగురి ముందు చేతులు మారిపోయాక అమ్మ తిరిగి అడగలేదు. ఆవిడ పట్టుకుని కూర్చున్నది చెక్కపెట్టెను కాదు కదా. అయితే మూసి ఉంచినా వాద్యం పాడవుతుంది. ‘నాన్న వయొలిన్‌కి చెదపడుతుందేమో, ఒకసారి చూద్దామా అమ్మా’ అని అడగండి. పెట్టె ఆవిడే తెరవాలి. కమాను వెంట్రుకలు బిగించి ఉంటే మర తిప్పి వదులు చేయండి. తీగలు మాత్రం అన్నీ ఒకేసారి వదులు చేయకండి. తీగలను ఎత్తి పట్టుకునే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న పుల్ల కూడా జారిపోవచ్చు. కమానుకు రుద్దే రోజిన్ తీగల కింద తెల్లగా పేరుకుంటుంది, ఆ పొడిని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నూనె, నీళ్లు తగలనివ్వకండి. అటక మీద పెట్టకండి, ఎండాకాలం వేడికి అతుకులు ఊడతాయి. ఆ తుడిచే పని అమ్మకే వదిలేయండి. మీరు పక్కన కూర్చోండి, చాలు. తర్వాత ఎప్పుడో, ఎవరికివ్వాలో ఆవిడే చెబుతారు. చెప్పకపోయినా సరే, ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇంట్లో ఆయన వాయించిన పాత క్యాసెట్లేమైనా ఉన్నాయేమో వెతకండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకు ఇవ్వండి. బాగున్న వాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వినండి. కాపీలు రెండు మూడు చోట్ల దాచండి. కచేరీల కంటే పాఠాల క్యాసెట్ దొరికితే ఇంకా మంచిది. అందులో ఆయన గొంతు ఉంటుంది, వంటింట్లోంచి అమ్మ పిలుపూ వినిపించొచ్చు.

అమ్మ గురించి ఒక్క మాట. ఏడాది తిరుగుతున్నా తిండి సయించక, నిద్ర పట్టక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే దాన్ని వయసు మీదకో దుఃఖం మీదకో నెట్టేయకండి. డాక్టర్‌కు చూపించండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అది మీకూ పనికొస్తుంది.

సభలో మొదట ఇంటివాళ్లు మాట్లాడాలని అన్నయ్యతో చెప్పండి. మీ వంతు వచ్చినప్పుడు ఆయన గొప్పతనం గురించి మీరు చెప్పనక్కర్లేదు, అది శిష్యులు చూసుకుంటారు. గోరింటాకు సంగతి చెప్పండి. కోపం సంగతీ చెప్పాలనిపిస్తే చెప్పండి. శ్రావణం కంటే ముందు ఆషాఢం వస్తుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉంటే ఈసారి కోన్ కొనకుండా ఆకు మీరే రుబ్బి పెట్టండి. తాతగారు ఎలా రుబ్బేవారో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.