సెనేటర్ పెట్టిన రక్షణ నిధుల జాబితాలో మన ఊరి పేరుంటే డబ్బు వచ్చినట్టేనా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. వచ్చే ఏడాది రక్షణ బడ్జెట్‌లో మా రాష్ట్రం కోసం అడిగిన ప్రాజెక్టులన్నీ మా సెనేటర్ తన సైట్లో పెట్టారు. మా ఊరి నేషనల్ గార్డ్ భవనానికి 15 మిలియన్ డాలర్లు, యూనివర్సిటీ పరిశోధనకు 4 మిలియన్లు అని ఉంది. ఇవి మంజూరైనట్టేనా? కాకపోతే ఎక్కడ చూసుకోవాలి?

జవాబు:

మంజూరు కాలేదండీ. మీరు చూసింది అడిగినవాటి జాబితా మాత్రమే. అడగడం, కమిటీ బిల్లులోకి ఎక్కడం, చట్టం కావడం, కాంట్రాక్టు మీద సంతకం పడటం అని నాలుగు మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని ప్రాజెక్టులు రాలిపోతాయి. సభ్యుల ఆఫీసులు రెండో మెట్టు దగ్గరే "నిధులు సాధించాం" అని ప్రకటన ఇచ్చేస్తాయి. ఊళ్లో వాళ్లు భవనం ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ ఉంటారు, అది రెండేళ్లయినా లేవదు.

మన దగ్గరి ఎంపీల్యాడ్స్ లాంటిదే అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఎంపీకి ఏటా 5 కోట్ల రూపాయల కోటా ఉంటుంది, ఆయన పని సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. అమెరికా సెనేటర్‌కు అలాంటి కోటా లేదు. ఆయన డబ్బు కేటాయింపులు చూసే అప్రోప్రియేషన్స్ కమిటీకి విన్నపం పెడతారు, కమిటీ ఒప్పుకుంటే బిల్లుతోపాటు వచ్చే పట్టికలో ఒక వరుస చేరుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు కాబట్టి దాదాపు అందరూ అడుగుతారు, ఉన్నదానికన్నా ఎక్కువే అడుగుతారు. జాబితా పొడవు చూసి సెనేటర్ సత్తాను అంచనా వేయకండి.

ఈ జాబితా బయటపెట్టడం సెనేటర్ ఔదార్యమూ కాదు, అది నిబంధన. కాలిఫోర్నియా ప్రతినిధి డ్యూక్ కనింగ్‌హామ్ రక్షణ కాంట్రాక్టర్ల నుంచి కనీసం 2.4 మిలియన్ డాలర్ల లంచాలు తీసుకున్నానని 2005లో ఒప్పుకుని జైలుకెళ్లారు. ఆ దెబ్బతో 2007లో ఉభయ సభలూ అడిగినవాళ్ల పేర్లు బయటపెట్టాలన్న నిబంధన తెచ్చాయి. సభ్యుల కోరిక మీద ఫలానా సంస్థకో ఊరికో ఇచ్చే ఇలాంటి నిధులను ఇయర్‌మార్కులంటారు. 2011లో వాటినే ఆపేశారు. 2022 ఆర్థిక సంవత్సరం కోసం 2021లో వాటిని తిరిగి తెరిచారు. ప్రతినిధుల సభ అయిన హౌస్‌లో వీటిని కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్ అంటారు, సెనేట్‌లో కాంగ్రెషనల్లీ డైరెక్టెడ్ స్పెండింగ్ అంటారు. తెరిచినప్పుడు గట్టి షరతులే పెట్టారు. లాభాపేక్ష ఉన్న కంపెనీలకు ఇవ్వకూడదు. తనకూ తన కుటుంబానికీ అందులో ఆర్థిక ప్రయోజనం లేదని సభ్యుడు సంతకం చేసి ఇవ్వాలి. ప్రతి విన్నపాన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆ మొదటి ఏడాది అన్ని శాఖలూ కలిపి 4,963 ప్రాజెక్టులకు 9.1 బిలియన్ డాలర్లు వెళ్లాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క తేల్చింది.

ఇక మీ జాబితాకి వద్దాం. ప్రతి విన్నపంలో గ్రహీత పేరు, ప్రాంతం, మొత్తం, ప్రయోజనం ఉంటాయి. అందరూ మొత్తం చూస్తారు. మీరు మాత్రం ముందుగా ఏ ఖాతా కింద అడిగారో చూడండి. మీ గార్డ్ భవనం "మిలిటరీ కన్‌స్ట్రక్షన్, ఆర్మీ నేషనల్ గార్డ్" కింద ఉంటుంది. అది రక్షణ శాఖ బిల్లులోకి రాదు, మిలిటరీ కన్‌స్ట్రక్షన్-వెటరన్స్ బిల్లులోకి వెళ్తుంది. యూనివర్సిటీది "రిసెర్చ్, డెవలప్‌మెంట్, టెస్ట్ అండ్ ఇవాల్యుయేషన్" కింద ఉంటే అది అసలు రక్షణ బిల్లు. రెండు బిల్లులు, రెండు ఉపసంఘాలు, రెండు వేర్వేరు తేదీలు. 2024 ఆర్థిక సంవత్సరంలో భవనాల బిల్లు మార్చి 9న, రక్షణ బిల్లు మార్చి 23న చట్టమయ్యాయి. ఒకదానిలో వెతికి కనబడలేదని నిరాశపడేవాళ్లు చాలామంది.

భవనం సంగతి. సైనిక నిర్మాణానికి డబ్బిచ్చే చట్టం ఒక్కటే సరిపోదు, అనుమతిచ్చే చట్టం కూడా కావాలి. ఆ అనుమతి ఏటా వచ్చే నేషనల్ డిఫెన్స్ ఆథరైజేషన్ యాక్ట్‌లో ఉంటుంది. ఆ చట్టంలో 4601 సెక్షన్ పట్టిక తెరిచి మీ రాష్ట్రం, మీ స్థావరం పేరు వెతకండి. అక్కడ లేకుండా డబ్బిచ్చే బిల్లు పట్టికలో మాత్రమే కనబడితే పని మొదలుకాదు. సెనేటర్లు ఒకే ప్రాజెక్టును డబ్బు చూసే కమిటీ దగ్గరా, అనుమతి చూసే కమిటీ దగ్గరా అడిగేది ఇందుకే.

తర్వాత ప్రాజెక్టు పేరు పక్కన "ప్లానింగ్ అండ్ డిజైన్" అని ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బుతో వచ్చేది నక్షాలే, గోడలు కావు. నక్షాలయ్యాక కట్టడానికి మళ్లీ ఇంకో ఏడాది అడగాలి. మీ జాబితాలో 15 మిలియన్లు అంటే కట్టడానికే అడిగినట్టుంది. అప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: డిజైన్ 35 శాతం పూర్తయిందా? అంతవరకూ రాని ప్రాజెక్టు ధర నమ్మదగ్గది కాదు, అదే ఏడాది టెండరు పిలవడమూ కష్టం. దీనికి ఆధార పత్రం డీడీ 1391 ఫారం. ఎన్ని చదరపు అడుగులు, పునాదికెంత, విద్యుత్తు నీరు లైన్లకెంత, అనుకోని ఖర్చుకెంత అని అందులో విడివిడిగా ఉంటుంది. రక్షణ శాఖ బడ్జెట్ పుస్తకాల్లో ఇవి రాష్ట్రాలవారీగా దొరుకుతాయి. మీ భవనం ఫారం అక్కడ లేకపోతే గార్డ్ వాళ్ల "నిధులందని ప్రాధాన్యాల జాబితా"లోనైనా ఉండాలి. రెండింటిలోనూ లేదంటే ఆ ప్రాజెక్టును సైన్యం ఇంకా తనదిగా అనుకోవట్లేదని అర్థం, ఆశ తగ్గించుకోండి.

గార్డ్ భవనాల్లో ఇంకో మెలిక ఉంది. రాష్ట్రం స్థలంలో కట్టే రెడీనెస్ సెంటర్లకు (గార్డ్ దళాల స్థానిక భవనాలకు) సాధారణంగా 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరిస్తాయి. వాషింగ్టన్‌లో డబ్బు మంజూరై, రాష్ట్ర శాసనసభ తన వాటా పెట్టకపోతే పని ఆగుతుంది. ఆ వాటా సంగతి సెనేటర్ జాబితాలో కనబడదు, రాష్ట్ర క్యాపిటల్ బడ్జెట్‌లో వెతకాలి.

మొత్తాలు కూడేటప్పుడు జాగ్రత్త. పోర్ట్స్‌మత్ నేవల్ షిప్‌యార్డ్ పేరులో న్యూ హాంప్‌షైర్ ఊరు ఉంది, యార్డు ఉన్నది మేన్ రాష్ట్రంలోని కిట్టరీలో. అక్కడి డ్రైడాక్ (ఓడల్ని నీళ్లు తోడేసి మరమ్మతు చేసే రేవు) పనుల కోసం రెండు రాష్ట్రాల సెనేటర్లూ గట్టిగా నిలబడతారు, ఇద్దరి ప్రకటనల్లోనూ అవే పనులు కనబడతాయి. పైగా అంత పెద్ద పనికి డబ్బు ఒకేసారి ఇవ్వరు, ఏటా కొంత కొంత విడుదల చేస్తారు. నలుగురు సభ్యుల జాబితాలు, మూడేళ్ల ప్రకటనలు కలిపి కూడితే ఒకే డ్రైడాక్‌ను పదిసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఇప్పుడు యూనివర్సిటీ 4 మిలియన్లు. పరిశోధన నిధులకు ప్రోగ్రామ్ ఎలిమెంట్ అనే నంబరు ఉంటుంది. ఉదాహరణకు 0602144ఎ. మొదటి 06 అంటే పరిశోధన-అభివృద్ధి. తర్వాతి 02 అంటే అనువర్తిత పరిశోధన, అక్కడ 01 ఉంటే మౌలిక పరిశోధన, 03 ఉంటే అధునాతన సాంకేతికత. చివరి ఎ అంటే ఆర్మీ. నేవీకి ఎన్, ఎయిర్‌ఫోర్స్‌కు ఎఫ్ వస్తాయి. ఈ 0602144ఎ పేరు గ్రౌండ్ టెక్నాలజీ. విన్నపంలో ఈ నంబరు లేకపోతే సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి, రక్షణ విషయాలు చూసే సిబ్బంది దగ్గర ఉంటుంది. నంబరు చేతిలో ఉంటే చట్టంతోపాటు విడుదలయ్యే ఉమ్మడి వివరణ పత్రంలో ఆ వరుస నిమిషంలో దొరుకుతుంది. అక్కడ అధ్యక్షుడు అడిగిన మొత్తం, చట్టంలో ఇచ్చిన మొత్తం పక్కపక్కనే ఉంటాయి. కింద చిన్న వరుసల్లో "ప్రోగ్రామ్ ఇంక్రీజ్" అని రాసి, పక్కన ఏదో ఒక పరిశోధనాంశం పేరు, మొత్తం ఉంటాయి.

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అందరూ చదవాల్సినవి ఆ చిన్న వరుసలే. సెనేట్ నిర్వచనం ప్రకారం, సభ్యుడి కోరిక మీద ఫలానా సంస్థకో ఫలానా ఊరికో పోటీ లేకుండా వెళ్లే డబ్బే ఇయర్‌మార్క్. ప్రోగ్రామ్ ఇంక్రీజ్‌లో సంస్థ పేరు ఉండదు, అంశం పేరే ఉంటుంది, డబ్బు పోటీ ద్వారా వెళ్తుందని అంటారు. కాబట్టి అది ఇయర్‌మార్క్ కాదు, ఎవరు అడిగారో చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ అంశం మీద పనిచేసే ప్రయోగశాలలు దేశంలో ఒకటి రెండే ఉంటే డబ్బు ఎటు వెళ్తుందో ముందే తెలుస్తుంది. సొంత రాష్ట్రానికి రక్షణ డబ్బు తెచ్చుకునే రాజమార్గం ఇదే, మీరు చూసిన జాబితా ఆ దారిని చూపించదు. పారదర్శకత పేరుతో ఒక తలుపు తెరిచి, పక్కనున్న పెద్ద తలుపుకు పేరు రాయకుండా వదిలేశారు. ఇది సరికాదు, ఓటర్లు గట్టిగా అడగాల్సిన విషయం.

రెండింటినీ విడదీయడానికి సులువైన పరీక్ష ఉంది. వివరణ పత్రంలో ఒక్కో విభాగం చివర ఇయర్‌మార్కుల వెల్లడి పట్టిక ఉంటుంది, అందులో అడిగినవాళ్ల పేర్లు హౌస్, సెనేట్ అని వేర్వేరు నిలువు వరుసల్లో ఇస్తారు. మీ యూనివర్సిటీ ఆ పట్టికలో ఉంటే డబ్బు దాని పేరున వచ్చినట్టు. పట్టికలో లేకుండా ప్రోగ్రామ్ ఇంక్రీజ్ వరుసగా మాత్రమే ఉంటే యూనివర్సిటీ ఇంకా దరఖాస్తు పెట్టి గెలవాలి, ఓడిపోవడానికీ ఆస్కారముంది.

అన్నీ సవ్యంగా ఉన్నా బిల్లే రాకపోవచ్చు. 2025 ఆర్థిక సంవత్సరానికి సభ్యులు 2024 వసంతంలో విన్నపాలు పెట్టారు, కమిటీలు కొన్నింటిని ఒప్పుకున్నాయి, ఊళ్లలో ప్రకటనలు వెలువడ్డాయి. 2025 మార్చిలో ఏడాది మొత్తానికీ కంటిన్యూయింగ్ రెజొల్యూషన్ (కొత్త బిల్లుల బదులు పాత ఖర్చునే కొనసాగించే చట్టం) వచ్చింది, అందులో ఇయర్‌మార్కులు ఒక్కటీ లేవు. అడిగినవన్నీ పోయాయి. అంతకుముందు 2024 ఆర్థిక సంవత్సరానికి హౌస్ కమిటీ రక్షణ బిల్లులో కమ్యూనిటీ విన్నపాలే తీసుకోలేదు. అందుకే ఏ ఏడాది, ఏ సభ, ఏ ఖాతా తెరిచి ఉందో కమిటీ మార్గదర్శకాల్లో చూశాకే నమ్మాలి.

చట్టమయ్యాక ప్రభుత్వ ఖర్చుల వివరాలుండే యూఎస్ఏస్పెండింగ్ సైట్లో గ్రహీత పేరుతో వెతకండి. కాంట్రాక్టు లేదా గ్రాంటు నమోదైతేనే డబ్బు కదిలినట్టు. పరిశోధన డబ్బును రెండేళ్లలోపు ఒప్పందంలో పెట్టాలి, నిర్మాణం డబ్బుకు అయిదేళ్ల గడువు. కాబట్టి చట్టమైన ఆరు నెలలకే భవనం లేవలేదని సెనేటర్‌ను తిట్టక్కర్లేదు. పరిశోధన డబ్బు పద్దెనిమిది నెలలైనా కదలకపోతే మాత్రం ఆఫీసుకు ఉత్తరం రాయండి, అప్పటికింకా సరిదిద్దే సమయం ఉంటుంది.

మీరే ఒక సంస్థ తరఫున వచ్చే ఏడాది అడగాలనుకుంటే, అక్టోబరు 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ఆఫీసుల ఫారాలు ఆ ఏడాది శీతాకాలం చివర్లో, వసంతంలో తెరుచుకుంటాయి, గడువులు చాలా చిన్నవి. కాబట్టి డిసెంబరులోనే ఖాతా పేరు, ప్రోగ్రామ్ ఎలిమెంట్ నంబరు లేదా 1391, కచ్చితమైన మొత్తం, ఒక పేజీ వివరణ, స్థానిక మద్దతు ఉత్తరాలు సిద్ధం చేసుకోండి. స్థావరం కమాండర్‌ను మద్దతు ఉత్తరం అడగొద్దు, యూనిఫాంలో ఉన్నవాళ్లు కాంగ్రెస్ దగ్గర లాబీయింగ్ చేయకూడదు. ఇచ్చిన ఏడాదిలోనే ఈ డబ్బును ఖర్చుపెట్టగలరా అని సైన్యాన్ని అధికారికంగా అడిగి తెలుసుకునే పని సెనేటర్ సిబ్బందిది. ఆ జవాబు రాతపూర్వకంగా తెప్పించమని వాళ్లను కోరండి, ఫారం నింపే ముందే.