వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు లాక్టిక్ యాసిడ్ వల్లేనా?

కాదు, ఆటల పీరియడ్‌లో గట్టిగా శ్రమపడిన మర్నాడు వచ్చే నొప్పులకు అసలు కారణం కండరాల పోగుల్లో ఏర్పడే అతి సూక్ష్మమైన దెబ్బలు, వాటిని శరీరం బాగుచేసుకునేటప్పుడు వచ్చే వాపు. ఈ మరమ్మతు నెమ్మదిగా సాగుతుంది కాబట్టే నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది. కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వచ్చినప్పుడు దెబ్బ ఎక్కువ. వినడానికి వింతగా ఉన్నా, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది గానీ, మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కువగా దిగినందుకే! ఒంట్లో పేరుకుపోయిందని చాలామంది అనుకునే లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం), వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది; పైగా శరీరం దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. నొప్పి వస్తేనే వ్యాయామం పనిచేసినట్టు అనుకోవడమూ పొరపాటే. అదే వ్యాయామం కొన్ని రోజులకు మళ్లీ చేస్తే నొప్పి బాగా తక్కువగా ఉంటుంది.