ఇసుక మీద పీహెచ్‌డీ ఏంటని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఎం.టెక్ చివరి ఏడాదిలో ఉన్నాడు. పొడి రేణువులు షియర్ కింద, అంటే పొరలు ఒకదానిమీద ఒకటి జారేలా తోసినప్పుడు, ఎలా ప్రవహిస్తాయో మోడలింగ్ చేసే పీహెచ్‌డీలో చేరతానంటున్నాడు. ఇసుక మీద అన్నేళ్లా? ఏఐలోకి వెళ్లమంటే వినడు. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: సబ్జెక్టు పేరు మారుతుందేమో గానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీ టెన్షన్ ఇసుక గురించి కాదండీ. ‘మీవాడేం చేస్తున్నాడు?’ అని నలుగురూ అడిగితే ఠక్కున చెప్పుకునే పేరు కావాలి మీకు. ఆ ఇబ్బంది మీది, అబ్బాయి నెత్తిన రుద్దకండి.

నీటి ప్రవాహానికి సమీకరణాలు 19వ శతాబ్దంలోనే కుదిరాయి. రేణువులకు అన్నిచోట్లా పనిచేసే సమీకరణం ఇంకా లేదు. పలక మీద ఇసుక పోసి మెల్లగా వంచండి. కాసేపు రాయిలా నిలుస్తుంది, ఓ కోణం దాటగానే పై పొరలు జారిపోతాయి, అడుగున ఉన్నది మాత్రం దాదాపు కదలదు. మందుల పొడులకూ, సైలోల్లోంచి దిగే ధాన్యానికీ, విరిగిపడే కొండచరియలకూ ఇదే చిక్కు.

1979లో కుండల్, స్ట్రాక్ అనే పరిశోధకులు చూపిన పద్ధతిలో ప్రతి రేణువు కదలికనూ, ప్రతి తాకిడినీ విడిగా లెక్కకట్టాలి. రేణువులు లక్షలు దాటితే ఒకే లెక్కను చాలా ప్రాసెసర్లకు పంచే ప్యారలల్ ప్రోగ్రామింగ్ రాకుండా పని జరగదు. అంటే మీరు కోరుకునే కోడింగ్ ఎలాగూ వస్తుంది. ఇంకో దారిలో మొత్తాన్నీ ఒకే ద్రవంలా చూసి, ఘర్షణను, పొరలు జారే వేగాన్ని వాటి మీది ఒత్తిడితో పోల్చి చెప్పే ఇనర్షియల్ నంబర్‌తో ముడిపెడతారు. అయితే ఆ నంబర్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా సమీకరణాలే గాడి తప్పుతాయని 2015లో తేలింది. లెక్క కోసం ప్రవాహాన్ని విడగొట్టే గళ్లను (మెష్) సన్నం చేసేకొద్దీ జవాబు కుదురుకోవాల్సింది పోయి చెదిరిపోతుంది. చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉందన్నమాట.

ఇక ఏఐ. అది చెడ్డదని అనను. కానీ చిన్న కోర్సు చేసి, ఎవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీని వాడుకోవడం నేర్చుకున్నవాళ్లు ఇప్పటికే కోకొల్లలు. సిమ్యులేషన్ డేటాతో నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్, చూసిన పరిధిలో చక్కగా చెబుతుంది. పరిధి దాటితే అంతే ధీమాగా తప్పు చెప్పగలదు. ఆ తప్పు పట్టాలంటే ఫిజిక్స్ తెలియాలి. ‘అందరూ వెళ్తున్నారు’ అనేదాన్ని నేను కారణంగా లెక్కవేయను.

పోలికంటారా, మొదట్లో జీతం ఏఐలో ఎక్కువ ఉండొచ్చు. అబ్బాయి చేతికొచ్చే విద్య మాత్రం ఎటూ పోదు, తర్వాత కావాలంటే ఏఐలోకీ వెళ్లగలడు. భయపడకండి.

అబ్బాయిని మాత్రం చేరేముందు మూడు సంగతులు కనుక్కోమనండి: ల్యాబ్‌లో రేణువులను జరిపి ఘర్షణ కొలిచే పరికరం (షియర్ సెల్) ఉందా, లేక అంతా కంప్యూటర్ మీదేనా? స్టైపెండ్ చివరిదాకా వస్తుందా? అదే గైడ్ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?