ఊరి బంగారం, మా నాన్నగారి కుంపటి

చిన్న ఊళ్ళో చేతివృత్తి మీద బతికే మనిషి తన కుటుంబాన్నీ, చుట్టూ ఉన్న జనాన్నీ సరిగ్గా చూసుకోగలడా, లేక రెంటిలో ఒకదానికి లోటు చేయక తప్పదా అని మీరు అడిగారు. మా నాన్నగారు పాలకొల్లులో స్వర్ణకారుడు. నేను పెరిగింది ఆయన కుంపటి పక్కనే కనుక, ఆయన జీవితం నుంచే జవాబు చెప్పగలను. ఆ వృత్తిలో ఇంటినీ ఊరినీ విడదీయడం కష్టం, ఎందుకంటే స్వర్ణకారుడి చేతిలో ఉండే సరుకు ఊరిది. దాన్ని తెచ్చి అతని ముందు పెట్టే నమ్మకమే అతని పెట్టుబడి. ఆ నమ్మకం సడలిన నాడు ఇంట్లో పొయ్యి వెలగదు.

బంగారం తెచ్చినవారు పని మొదలయ్యేటప్పుడు ఎదురుగా పీట మీద కూర్చుని చూడాలన్నది మా తాతగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. వారి కళ్ళెదుటే తూచి, గీటురాయి మీద గీసి చూపించి, మూసలో వేసి, చిటికెడు వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో ఊది కరిగించేవారు. కరిగిన బంగారాన్ని కడ్డీగా పోసి, ఆ కడ్డీని సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తరువాత ఒకటిగా లాగుతూ తీగ తీసేవారు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి కూడా కింద పరిచిన పళ్ళెంలోనే పడాలి. పని ముగిశాక పళ్ళాన్ని కుంచెతో ఊడ్చి, ఆ పొడిని నగతో పాటు తూచి చూపించేవారు.

ఇంత చేసినా అనుమానం తప్పేది కాదు. సొంత తల్లి నగలోనైనా కంసాలి కొంత తీయక మానడనే మాట మీరు వినే ఉంటారు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు ఉక్రోషం వచ్చేది. పెద్దయ్యాక దాని వెనుక ఉన్న కారణం నాన్నగారే వివరించారు. నగలో ప్రతి అతుకుకూ టంకం, అంటే ముక్కలను అతికించే మిశ్రమ లోహం, కావాలి, ఆ టంకం నగ బంగారం కంటే తక్కువ వేడికి కరగాలి. అందుకని పూర్వం టంకంలో వెండి, రాగి ఎక్కువగా కలిపేవారు. గుండ్లు, గొలుసులు, పూల పనితనం ఉన్న నగలో అతుకులు ఎక్కువ కనుక టంకమూ ఎక్కువే. ఇరవై ఏళ్ళ తరువాత ఆ నగను కరిగిస్తే మొత్తం బంగారం నాణ్యత దిగిపోతుంది, శుద్ధి చేస్తే తూకం తగ్గుతుంది. తగ్గిన తూకం ఎటు పోయిందో తెలియని ఇంటివారు కంసాలిని అనుమానించారు. మోసం చేసిన వారు అసలు లేరని నేను అనను. అయితే ఆ నింద చాలావరకు టంకానికి చెందవలసింది. తరువాతి కాలంలో కాడ్మియంతో చేసిన టంకం వచ్చి నాణ్యత సమస్య తీర్చింది కానీ, దాని పొగ పీల్చే వాడి ఊపిరితిత్తులకు చేటు చేసింది.

మా తాతగారి కాలంలో ఈ వృత్తి దాదాపు ఆరిపోయింది. చైనాతో యుద్ధం జరిగిన వెంటనే, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. 14 కేరట్లకు మించిన నగలు చేయకూడదన్నారు. 14 కేరట్లంటే నూటికి 58 పాళ్ళే బంగారం. మన ఇళ్ళలో అటువంటి పుస్తెలు ఎవరు చేయించుకుంటారు? 1966లో ఆ నిబంధన సడలించారు కానీ, 1968లో వచ్చిన చట్టం లైసెన్సులతో, లెక్కల పుస్తకాలతో 1990 దాకా కొనసాగింది. ఆ మొదటి సంవత్సరాల్లో తాతగారు బందరు దగ్గర చిలకలపూడికి వెళ్ళి గిల్టు నగల పనిలో చేరి, నెలనెలా ఇంటికి డబ్బు పంపారట. ఆయన తిరిగి వచ్చి కుంపటి వెలిగించాక నాన్నగారు చదువు మానేసి పక్కన కూర్చున్నారు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను గుర్తుగా పెట్టుకుని, ఫలానా పెళ్ళి వరద ముందా తరువాతా అని మా వైపు ఇప్పటికీ లెక్క చెప్పుకుంటారు. నేనప్పుడు చంటిపిల్లను, ఇదంతా అమ్మ చెప్పగా విన్నది. నీరు తీసిన తరువాత లంక గ్రామాల ఆడవారు మెడలోని గొలుసులు, చేతి గాజులు మూటగట్టుకుని అమ్మడానికి వచ్చారు. అంతమంది ఒక్కసారిగా అమ్మజూపితే కొనేవాడికి పండగే. నాన్నగారు అప్పటికే ఒక బ్యాంకు శాఖలో బంగారు రుణాలకు విలువ కట్టే అప్రైజరుగా వెళ్ళేవారు. ఆయన వారితో, "అమ్మకండమ్మా. ఇప్పుడు అమ్మితే టంకం పోను మిగిలేది తక్కువ. మళ్ళీ చేయించుకుందామంటే మజూరీ, తరుగు కొత్తగా పెట్టుకోవాలి. బ్యాంకులో పెట్టండి, పంట చేతికొచ్చాక మీ నగ మీ మెడలోకే వస్తుంది" అని చెప్పి, చదువు రానివారి వెంట తానే బ్యాంకుకు నడిచేవారు. కొని లాభపడే అవకాశాన్ని చేతులారా వదులుకున్నందుకు మా బాబాయి ఆయనతో చాలాకాలం ముభావంగా ఉన్నాడు. బాబాయి కోపంలోనూ న్యాయం ఉందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి మా మేనత్త పెళ్ళి అప్పు తీరలేదు.

ఊరి బంగారం తెలిసినవాడికి ఊరి కష్టాలు కూడా తెలుస్తాయి. ఏ ఇంట్లో ఏ నగ తాకట్టులో ఉందో, ఏ పెళ్ళికి పెట్టిన నగ అరువుదో, ఏ కోడలి గాజులు ఎవరి పేరున అమ్ముడుపోయాయో నాన్నగారికి తెలుసు, అమ్మతో కూడా చెప్పేవారు కాదు. ఒకావిడ కొడుకు కాలేజీ ఫీజు కోసం భర్తకు తెలియకుండా పేట గొలుసు కుదువపెట్టవలసి వచ్చింది. నాన్నగారు దాన్ని బ్యాంకులో పెట్టించి, అచ్చం అదే నమూనాలో చిలకలపూడి గొలుసు తెప్పించి ఆమెకిచ్చారు. అసలు గొలుసు విడిపించే వరకు ఆమె దాన్నే వేసుకుని తిరిగారు. నా పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఈ సంగతి తానే నాకు చెప్పారు. ఇంటికి వచ్చి అడిగితే నాన్నగారు, "ఆవిడ చెప్పారా? అయితే నీకు తెలిసింది, అక్కడితో ఆపు" అన్నారు. ఒక భార్య భర్త దగ్గర దాచిన విషయంలో ఆయన పాలుపంచుకోవచ్చునా అని ఇప్పుడు కొందరు ప్రశ్నించవచ్చు. ఆ కుర్రవాడి చదువు ఆగలేదు కనుక, నేను ఆయన పక్షమే. ఆవిడ అనుమతితోనే, పేర్లు లేకుండా ఇది రాస్తున్నాను.

పిల్లలకు చెవులు కుట్టడానికి కూడా ఆయననే పిలిచేవారు. మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి, చేతికి బెల్లం ముక్క ఇచ్చి, బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకునే లోపల సన్నని బంగారు తీగతో కుట్టి, ఆ తీగనే చుట్టగా మెలిపెట్టేవారు. బియ్యం, బెల్లం, తాంబూలం, తోచిన దక్షిణ ఇచ్చేవారు. పుస్తెల పనికి ఆయన మజూరీ అడిగేవారు కాదు, ఎవరెంత ఇస్తే అంత పుచ్చుకునేవారు. వైశాఖ శుద్ధ దశమినాడు వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధనకు మా వీధిలో జరిగే అన్నసంతర్పణకు చందాల పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. ఆ లెక్కల్లో పైసా తేడా వస్తే రాత్రంతా నిద్రపోయేవారు కాదు.

ఇక ఇంటి సంగతి. ఊరందరూ నాన్నగారిని మెచ్చుకుంటారు గాని, ఆ మెప్పులో సగం అమ్మకు రావాలి. నల్లపూసలు గుచ్చడం, గొలుసులకు కుంకుడు రసంతో మెరుగుపెట్టడం ఆమె పని, ఆ పనికి విడిగా డబ్బు తీసుకోవడం మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. అప్పు పెట్టి వెళ్ళినవారిని నాన్నగారు అడగలేకపోతే, పండగ ముందు వారి ఇళ్ళకు పసుపు కుంకుమల వంకతో వెళ్ళి గుర్తుచేసి వచ్చేది ఆమెనే. మమ్మల్నిద్దరినీ, బాబాయి పిల్లలనూ చదివించింది ఈ ఇద్దరి సంపాదన. దానికి నాన్నగారి కళ్ళు, మోకాళ్ళు ధర చెల్లించాయి. యాభై దాటేసరికి సన్నని అతుకు కనిపించక, భూతద్దం కంటికి తగిలించుకుని పనిచేసేవారు.

2021 జూన్ నుంచి మొదట 256 జిల్లాల్లో, బంగారం నాణ్యతను పరీక్షించి వేసే హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి అయింది. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉంది కనుక చట్టప్రకారం మా కుంపటికి ఇబ్బంది లేదు. అయితే కొనేవారు నూటికి 91.6 పాళ్ళు బంగారమని చెప్పే 916 ముద్ర చూసి తీసుకోవడానికి అలవాటుపడ్డారు, అది న్యాయం కూడా. తరాలుగా కంసాలి మీద ఉన్న అనుమానానికి ఆ ముద్ర సమాధానం చెప్పింది, అదే సమయంలో ఎదురుగా పీట మీద కూర్చుని చూడవలసిన అవసరాన్నీ తీసేసింది. భీమవరం, రాజమండ్రి షోరూముల్లో నగ కొన్నవారు తెగిన కొక్కెం అతికించుకోవడానికి మాత్రం ఇప్పటికీ మా వీధికే వస్తారు.

ఇప్పుడు కుంపటి ముందు మా తమ్ముడు కూర్చుంటున్నాడు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మాదీ ఉంది. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తరువాత రెండు లక్షల రుణం ఇస్తారు. వడ్రంగికో, కుమ్మరికో ఆ డబ్బు గట్టి ఆసరా అవుతుంది. స్వర్ణకారుడి ఖర్చంతా ముడిసరుకులోనే ఉంటుంది, ఇప్పటి ధరల్లో ఆ లక్షకు ఎన్నో గ్రాములు రావు. అందుకే తమ్ముడు సొంత నగలు చేసి అమ్మే ఆలోచన పెట్టుకోలేదు. మరమ్మతులు, నల్లపూసలు, పుస్తెలు, చెవులు కుట్టడం, వారానికి కొన్ని పూటలు బ్యాంకులో విలువ కట్టడం, వీటితో ఇల్లు గడుస్తోంది. మిగులు తక్కువే కానీ, పిల్లల ఫీజులకు ఇంకా ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఈ మధ్య చందాల పుస్తకం కూడా నాన్నగారు వాడికే అప్పగించారు.