మోడల్ రైలింజన్ టెండర్ మూత తీస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: డిజిటల్ కంట్రోల్‌తో నడిచే ఆవిరి రైలింజన్ మోడల్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. సౌండ్ డీకోడర్ (కంట్రోలర్ ఆదేశాలు అందుకుని ఇంజన్‌నూ శబ్దాలనూ నడిపే చిన్న సర్క్యూట్), స్పీకర్ ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. ఏడాది వారంటీ. ఎనిమిదో నెలలో శబ్దం గరగరమంటూ వచ్చి, కొన్నాళ్లకు పూర్తిగా ఆగిపోయింది. ఇంజన్ నడుస్తోంది, దీపం వెలుగుతోంది. అంతకుముందు కూత కాస్త గట్టిగా వినిపించాలని సీవీ విలువలు (డీకోడర్‌లో నంబరు వారీగా ఉండే సెట్టింగులు) మార్చాను. చెడిపోయాక టెండర్ (ఇంజన్ వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి) మూత తీసి లోపల చూశాను, వైర్లేవీ కదపలేదు. సెట్టింగులు మార్చారు, మూత తీశారు కాబట్టి వారంటీ చెల్లదని విక్రేత అంటున్నాడు. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. కానీ కేసు వేసే ముందు ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది. అది చేయకుండా వెళ్తే మాత్రం విక్రేత మాటే నెగ్గవచ్చు.

ఆయన రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేస్తున్నాడు. మీరు మార్పు చేశారన్నది ఒకటి. ఆ మార్పు వల్లే శబ్దం పోయిందన్నది మరొకటి. మొదటిది మీరే ఒప్పుకున్నారు, ఫిర్యాదులో కూడా దాచకుండా రాయండి. రెండోది మాత్రం ఊరికే అంటే సరిపోదు. వస్తువులో లోపం ఉందని చూపించే బాధ్యత మొదట మీదే. మీరు అది చూపించాక, 'మీ వాడకం వల్లే చెడింది' అనే వాదనకు ఆధారం తేవాల్సింది ఆయన.

సీవీల సంగతి చూద్దాం. డీకోడర్ తయారీదారు ఈ సెట్టింగులను పెట్టిందే వాడేవాళ్లు మార్చుకోవడానికి. ఏ నంబరులో ఏ విలువ వేయవచ్చో మాన్యువల్‌లో తనే అచ్చు వేసి ఇస్తాడు. ఈఎస్‌యూ కంపెనీ లోక్‌సౌండ్ డీకోడర్లలో మొత్తం వాల్యూమ్ సీవీ 63లో ఉంటుంది, జిమో కంపెనీవాటిలో 266లో. మాన్యువల్ చెప్పిన హద్దులోపల విలువ మార్చడం మామూలు వాడకమే. రిమోట్‌తో సౌండ్ పెంచారని టీవీ వారంటీ రద్దు చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అయితే విక్రేత ఒక మాట అనే అవకాశం ఉంది: వాల్యూమ్ మరీ పెంచితే చిన్న స్పీకర్ మీద భారం పడి గరగర వస్తుంది. అది నిజమే. కాబట్టి మీరు వేసిన విలువ ఎంతో, మాన్యువల్‌లో గరిష్ఠ విలువ ఎంతో పక్కపక్కన పెట్టి చూపించండి.

మూత తీయడం కూడా దానంతట అదే తప్పు కాదు. ముందు మాన్యువల్ తిరగేయండి. డీకోడర్ లేదా స్పీకర్ దగ్గరికి వెళ్లడానికి మూత ఎలా తీయాలో బొమ్మ వేసి చూపించారంటే విక్రేత వాదన అక్కడే బలహీనపడుతుంది. మీరు స్పీకర్ మార్చి ఉంటే మాత్రం నా సలహా వేరేగా ఉండేది. పాత లోక్‌సౌండ్ 3.5 డీకోడర్లకు 100 ఓమ్‌ల స్పీకర్ కావాలి. దానికి మార్కెట్లో మామూలుగా దొరికే 8 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే డీకోడర్‌లోని ఆంప్లిఫయర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అలాంటి కేసును నేనైతే తీసుకోను.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 ప్రకారం, పరీక్ష చేయకుండా లోపం తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్ ఫీజును ముందుగా మీచేత కట్టించవచ్చు. మోడల్ రైలు డీకోడర్‌ను పరీక్షించే గుర్తింపు పొందిన ల్యాబ్ ఎక్కడుందో వెతికే సరికే నెలలు గడిచిపోతాయి. అందుకే ల్యాబ్ అవసరం లేకుండానే లోపం కళ్లకు కట్టేలా రికార్డు తయారు చేసుకోవడం మేలు.

మొదట చిన్న అనుమానాలు తీర్చేయండి. కొన్ని డీకోడర్లలో శబ్దాన్ని ఎఫ్1 బటన్ ఆపుతుంది, కొన్నింటిలో ఎఫ్8. పొరపాటున మ్యూట్‌లో ఉందేమో చూడండి. చక్రాలు, పట్టాలు తుడవండి. కరెంటు సరిగా అందకపోతే శబ్దం తెగి తెగి మళ్లీ మొదలవుతుంది, దీపం కూడా మిణుకుమంటుంది. మీ ఇంజన్‌లో దీపం నిలకడగా ఉంటే ఆ కారణం పక్కకు పోయినట్టే. కూత వినిపించి ఆవిరి చప్పుడు ఒక్కటే పోయిందనుకోండి, అప్పుడు స్పీకర్ బాగానే ఉన్నట్టు, సెట్టింగ్ వైపు చూడాలి. అన్ని శబ్దాలూ ఒకేసారి పోయి, దానికి ముందు గరగర వచ్చిందంటే స్పీకర్, దాని వైర్లు, ఆంప్లిఫయర్ వీటి మీదే అనుమానం.

తర్వాత అసలు మెట్టు: ఫ్యాక్టరీ రీసెట్. దానికి ముందు ఇప్పుడున్న సీవీ విలువలన్నీ చదివి రాసుకోండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా) మీద విలువలు చదవలేకపోతే డీకోడర్ చచ్చిపోయిందని కంగారు పడొద్దు. డీకోడర్ తన జవాబును ఒక చిన్న కరెంటు పల్స్‌గా పంపుతుంది. సౌండ్ డీకోడర్ వాడుకునే కరెంటు, అందులోని కెపాసిటర్ల వల్ల ఆ పల్స్ కంట్రోలర్‌కు అందకపోవచ్చు. చదివేటప్పుడు సీవీ 8 విలువ కెమెరాకు కనిపించేలా చూపండి. అది తయారీదారు నంబరు: ఈఎస్‌యూకి 151, జిమోకి 145. డీకోడర్ మార్చేశారనే మాట రాకుండా అది కొంతవరకు పనికొస్తుంది. అదే కంపెనీ డీకోడర్లన్నింటికీ ఒకే నంబరు కాబట్టి పూర్తి రుజువు మాత్రం కాదు.

చాలా కంపెనీల డీకోడర్లలో సీవీ 8లో 8 అని రాస్తే ఫ్యాక్టరీ విలువలు తిరిగి వస్తాయి. మీ మాన్యువల్ ఏం చెబుతోందో చూసుకుని చేయండి. రీసెట్ అయ్యాక ఇంజన్ పాత చిరునామాకు (కంట్రోలర్‌లో ఇంజన్‌ను పిలిచే నంబరుకు) పలకదు, సాధారణంగా 3కు పలుకుతుంది. ఇది తెలియక ఇంజన్ పూర్తిగా పోయిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. రీసెట్ చేయడం, 3తో ఇంజన్ నడపడం, శబ్దం బటన్లు ఒక్కొక్కటే నొక్కడం, ఏమీ వినిపించకపోవడం, ఇదంతా మధ్యలో కట్ చేయకుండా ఒకే వీడియోగా తీయండి. మీరు మార్చిన విలువలన్నీ పోయాక కూడా శబ్దం రాలేదంటే, ఇప్పుడున్న సెట్టింగుల వల్లే శబ్దం రావట్లేదనే వాదనకు ఇక చోటుండదు. ఇంత బలమైన సాక్ష్యం మీకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అసలు ఫైలును ఫోన్‌లోనే అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి. ఒకవేళ రీసెట్ తర్వాత శబ్దం వచ్చేస్తే ఇంజన్ బాగున్నట్టే, కేసు అవసరం ఉండదు.

దీని తర్వాత టంకం, స్పీకర్ మార్పు లాంటి వాటి జోలికి వెళ్లొద్దు. అలా చేస్తే చేజేతులా విక్రేతకు అస్త్రం అందించినట్టే.

ఇక చట్టం దారి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ప్లాట్‌ఫామ్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ముందు అక్కడ రాతపూర్వకంగా వేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేయండి. ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు గానీ ఇస్తే మంచిది. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, విక్రేత ఊరికి తిరగక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. విక్రేత విదేశంలో ఉండి మన దేశంలో ఎవరూ ప్రతినిధి లేకపోతే ఆర్డరు వచ్చినా అమలు కష్టం. అప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) అడగడమే ఆచరణలో మేలు, దానికి గడువు దాటిందో లేదో వెంటనే కనుక్కోండి.

ఏం కోరాలన్నది కూడా ముఖ్యమే. ఇంజన్ నడుస్తోంది కాబట్టి మొత్తం ధరతో పాటు భారీ పరిహారం అడిగితే కమిషన్‌కు అతిగా అనిపిస్తుంది. డీకోడర్, స్పీకర్ ఉచితంగా మార్చాలని, అది కుదరకపోతే ఇంజన్ మార్చి ఇవ్వాలని లేదా ధర తిరిగి ఇవ్వాలని వరుసగా కోరండి. సెక్షన్ 39 వీటన్నింటికీ అవకాశం ఇస్తుంది. ఖర్చులు వేరేగా అడగండి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. విక్రేతతో మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు. ఈలోగా ఆయన ఇంజన్ పంపమంటే పంపండి, కానీ ప్యాక్ చేసే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, సీవీ జాబితా ప్రతి ఒకటి లోపల పెట్టి, 'రీసెట్ చేసినా శబ్దం రాని స్థితిలో పంపుతున్నాను' అని మెయిల్ చేయండి. సర్వీస్ సెంటర్ ఏ భాగం తీసినా, ఎందుకు తీసిందో రాతలో ఇవ్వాలని, పాత భాగం తిరిగి పంపాలని అదే మెయిల్‌లో అడగండి.