వేళ్ల సైగలు, టోపీలో మాటలు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఉంటడు. మొన్న అక్కడికి పోయినప్పుడు బేస్‌బాల్ మ్యాచ్‌కు తోలుకపోయిండు. పాత వీడియోలల్ల క్యాచర్ తొడల నడుమ వేళ్లు చూపిస్తుండె. ఇప్పుడు ఒంటికి ఏదో కట్టుకొని నొక్కుతున్నడు. బంతి వేసేటోనికి ఇంకొకడు చెప్పుడేంది సార్?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: మీ చివరి మాటకే ముందు జవాబు చెప్తానమ్మా. క్రికెట్‌లో స్పిన్నర్ ఏం వేస్తాడో కీపర్ అతని చేతిని చూసి, పిచ్ మీద పడ్డాక చూసి సర్దుకుంటాడు. ఇక్కడ బంతి నేల తాకదు. పిచర్ (బంతి వేసేవాడు) నిలబడే చోటికీ హోమ్ ప్లేట్‌కూ (బ్యాటర్ పక్కన నిలబడే పలక, దాని వెనకే క్యాచర్ కూర్చుంటాడు) మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. మంచి ఫాస్ట్‌బాల్ (నేరుగా వచ్చే వేగమైన బంతి) అర సెకను లోపే వచ్చి పడుతుంది. కర్వ్ (వంగి కిందికి దిగే బంతి) వస్తుందని గ్లవ్ కిందికి దించి కూర్చున్న క్యాచర్‌కు ఫాస్ట్‌బాల్ వస్తే వేలు విరగొచ్చు, లేదా బంతి వెనక్కి దొర్లిపోయి రన్నర్లు ముందుకు ఉరుకుతారు. అందుకే ముందస్తు ఒప్పందం. గుట్టు సంగతి ఆ తర్వాతే.

మామూలుగా ఒక వేలు ఫాస్ట్‌బాల్, రెండు కర్వ్, మూడు స్లైడర్ (పక్కకు జారే బంతి), నాలుగు చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనపడి నెమ్మదిగా వచ్చే బంతి). మూడో బేస్ వైపున్న ఎదుటి జట్టు కోచ్‌కు కనపడకుండా గ్లవ్‌ను ఎడమ మోకాలి మీద అడ్డం పెడతారు. పిచర్‌కు నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాడు, క్యాచర్ ఇంకో సైగ ఇస్తాడు. బ్యాటర్‌ను తికమక పెట్టడానికి ఉత్తుత్తిగా ఊపే గడుసువాళ్లూ ఉన్నారు.

పిచర్ వెనకున్న రెండో బేస్ మీద రన్నర్ నిలబడితే అసలు చిక్కు. వాడికి అన్నీ కనపడతాయి. అప్పుడు సైగలు వరుసగా ఇచ్చి, అందులో ఒక్కటే అసలుదని ముందే మాట్లాడుకుంటారు. హనుమకొండలో మా సాఫ్ట్‌బాల్ పిల్లలకు నేను నేర్పేది ‘ఔట్లకు ఒకటి కలుపు’. క్యాచర్ మూడు, ఒకటి, రెండు, నాలుగు చూపిందనుకోండి. ఒక ఔట్ అయి ఉంటే రెండో సైగ అసలుది: ఒకటి, అంటే ఫాస్ట్‌బాల్. రెండు ఔట్లయితే మూడోది: రెండు. ఈ బంతి చేంజప్. (మా దగ్గర రెండంటే చేంజపే, కర్వ్ జోలికి పోం.) లెక్కల పరీక్షలో నీళ్లు నమిలే పిల్లలు కూడా ఇక్కడ తడబడరు. పొద్దుగూకే వేళ వేళ్లు ఆనకపోతే గోళ్లకు వైట్‌నర్ పూస్తాం. అమెరికాలో పెద్ద క్యాచర్లు రంగు వేసుకునేదీ, స్టిక్కర్లు అంటించుకునేదీ ఇందుకే.

మీరు చూసినది పిచ్‌కామ్. 2022 నుంచి అమెరికా పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అనుమతించారు. క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలోని చిన్న స్పీకర్ ఏ బంతో, ఎటు వైపో చెప్తుంది. కొందరు ఫీల్డర్లకూ వినపడుతుంది.

ప్రశ్న: సైగలు దొంగిలిస్తే శిక్ష లేదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జవాబు: రెండో బేస్ మీద నిలబడి కంటితో పసిగడితే నేరం కాదు. నా లెక్కన అది ఆటలో భాగమే, పట్టుకున్నవాడికి శభాష్ అంటాను. యంత్రం పెడితేనే పేచీ. 1951లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు సెంటర్ ఫీల్డ్ (బ్యాటర్‌కు ఎదురుగా మైదానం చివర) అవతలి గదిలోంచి టెలిస్కోప్‌తో సైగలు చూసి, బజర్ తీగతో కబురు పంపారు. ఆ భాగోతం పూర్తిగా బయటపడ్డది 2001లో. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు కెమెరాతో చూసి, చెత్తడబ్బా మీద దబదబ కొట్టి బ్యాటర్‌కు చెప్పారు. 2020లో 50 లక్షల డాలర్ల జరిమానా పడింది, మేనేజర్‌నూ జనరల్ మేనేజర్‌నూ ఏడాది సస్పెండ్ చేశారు, క్లబ్ ఇద్దరినీ తీసేసింది. 2017 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) టైటిల్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. అది నాకు మింగుడు పడదు.

ప్రశ్న: మా బడి జట్టుకు ఆ పిచ్‌కామ్ మిషన్ కొనమంటారా?
– ఒక పీఈటీ, జనగామ

జవాబు: వద్దు సార్. బడి పిచర్‌కు గట్టిగా వచ్చేవి రెండు బంతులు, వాటికి రెండు వేళ్లు చాలు. ఆ డబ్బుతో క్యాచర్‌కు మంచి మాస్కు, మోకాలి గార్డులు కొనండి. మాస్కు పట్టీ ప్రతి ఆటకు ముందు మీరే లాగి చూడండి, పిల్లలకు వదిలేయకండి.